గడ్డి ఏనుగు తొండంలో ఒక పోగు

పీచి ఇంతవరకు పైకి అనని మాట ఒకటి ఉంది. అక్క గూటి పోగు లాగినప్పుడు గూడంతా కదిలింది. ఆ కదలిక ముక్కు చివరినుంచి ఆమె ఒంట్లోకి పాకింది. ఆమె కాస్త ఆగింది కూడా. ఆగి, మళ్లీ లాగింది.

ఆ గూడుని గాలి పడేసిందని అడవి అనుకుంది. బావ ముడిలో పస లేదని చెట్టు అనుకుంది. రెండు మాటలకీ పీచి తల ఊపింది. తలే కదా, ఊపితే అరిగిపోయేదేముంది.

దొంగ ఎవరో ముందే చెప్పేశాక ఇక కథలో ఏముందని అడగకండి. దొంగ కుమిలిపోతుంటే, దొంగతనం చేయించినవాడు తీరిగ్గా మీసం దువ్వుకునే కథలు కొన్ని ఉంటాయి. ఇది ఆ కోవలోది.

రెండు కొండల నడుమ నల్లవాగు పారుతుంది. అది ఒంపు తిరిగేచోట ఒక తుమ్మచెట్టు నీళ్లమీదికి వాలి ఉంటుంది, కిందపడ్డ వస్తువేదో వెతుక్కుంటున్నట్టు. దాని కొమ్మలనిండా గిజిగాళ్ల గూళ్లు, సొరబుర్రలు తలకిందులుగా వేలాడదీసినట్టు. పైన ముల్లు, కింద నీళ్లు. పాముకి ముల్లు అడ్డం, నక్కకి నీళ్లు అడ్డం. "ముల్లు మా తలుపు, వాగు మా ప్రహరీ" అని ముసలి పిట్టలు గొప్పలు పోయేవి.

గిజిగాళ్లలో నేత మగవాళ్ల పని. తొలకరి పడగానే ఒంటికి పసుపు పూసుకున్నట్టు మెరుస్తూ మగపిట్ట ఈతచెట్టుకి పోతాడు. ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, కొస పట్టుకుని రివ్వున ఎగురుతాడు. పోగు పొడుగ్గా చీరుకుంటూ వెంట వస్తుంది. అలాంటివి వందలకొద్దీ తెచ్చి సగం గూడు అల్లి, దానికి వేలాడి రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టని పిలుస్తాడు. ఆమె వస్తుంది. లోపలికి తొంగిచూస్తుంది. నచ్చితే కాపురం పెడుతుంది, నచ్చకపోతే మూతి తిప్పుకుని పక్కగూటికి పోతుంది. వంకలు పెట్టేది ఆడది, పని నేర్చేది మగవాడు. తరతరాలుగా ఇదే వరస.

పీచి ఆ వరసలో ఇమడలేదు. ఆమెకి వంకలు పెట్టడం కాదు, అల్లడం కావాలి. ఎవరూ నేర్పలేదు. రాలిపడ్డ పాతగూళ్లని పోగు పోగూ విప్పి, విప్పినదాన్ని మళ్లీ అల్లి, తనంతట తనే నేర్చుకుంది. పొద్దు పొడిచింది మొదలు ముక్కు ఊరుకునేది కాదు. కూర్చున్న కొమ్మకే రెండు ముళ్లు వేసి లేచేది.

"ఏమే పీచీ," అనేవాళ్లు మగపిట్టలు, "నీ గూటికి నువ్వే వేలాడి పిలుస్తావా ఏంటి?"

"పిలవనీరా, వస్తాడు ఎవడో ఒకడు, గుడ్లు పెట్టడానికి."

చెట్టంతా కిచకిచ. నవ్వనిది ఒక్కతే, పీచి అక్క కంకి. "నవ్వుకోనీయవే," అనేది. "నవ్వితే పళ్లు రాలతాయంటారు గానీ, వీళ్లకి అవీ లేవు."

కంకి ఒకరోజు పీచి ముందే మొగుణ్ణి అడిగింది. అతని పేరు పసుపయ్య. నిదానస్తుడు. మిగతా మగవాళ్లలా ఒక గూడు అవగానే రెండో గూడు, రెండో పెళ్లాం అని ఎగిరిపోయే రకం కాదు. "ఏమయ్యా, దానికి అన్నీ వచ్చు, కొమ్మకి కట్టే మొదటి పోగు ఒక్కటే తెలియదు. చూపించరాదూ."

పసుపయ్య ఇబ్బందిగా ముక్కు కొమ్మకి రుద్దుకున్నాడు. "మూలపోగు కొడుక్కి తప్ప చూపించకూడదే. మా నాన్న నాకు కూడా ఆకుచాటున చూపించాడు. గూటి బరువంతా దాని మీదే ఉంటుంది. అది తప్ప ఇంకేదన్నా అడుగు మరదలా."

"ఇంకేదీ అక్కర్లేదులే బావా," అంది పీచి.

ఇంకొక్క కట్టుబాటు కూడా చెప్పుకోవాలి. గిజిగాళ్లు ఒకరి గూటి పోగులు ఒకరు ఎత్తుకుపోతారు. అది తప్పు కాదు, సరదా. సగం గూడు కనిపిస్తే చాలు, పక్కింటివాడు రెండు పోగులు లాక్కుపోతాడు, ఇతను తిరిగి వాడివి నాలుగు లాక్కొస్తాడు. కానీ ఆడపిట్ట అడుగుపెట్టిన గూటి జోలికి మాత్రం ఎవరూ పోరు. ఎంత దొంగైనా సరే, ఆ గూటి దగ్గర ముక్కు మూసుకుంటాడు.

ఆ ఏడు మృగశిర కార్తెలో మురిపించిన వాన ఆరుద్రలో మొహం చాటేసింది. వాగు చిక్కిపోయి, తుమ్మచెట్టు కింద ఇసుకతిన్నె తేలింది. ప్రహరీ కూలిందన్నమాట. "నాలుగు రోజుల్లో వానొస్తుందిలే" అని ముసలి పిట్టలు కళ్లు మూసుకున్నాయి. ఆ తిన్నెని కళ్లు తెరిచి చూసినవాడు ఒకడున్నాడు. నక్క గుణయ్య. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాళ్లు ఇప్పుడు లేరు.

గుణయ్య నేరుగా మద్దిమాను దగ్గరికి పోయి ఫోను చేయించాడు.

అడవిలో ఫోనేమిటంటారా? మద్దిమాను లోపలంతా డొల్ల. దానిమీద వడ్రంగిపిట్ట తాత ముక్కుతో టకటకా కొడితే మాట కొండదాకా పోతుంది. కొండమీద ఇంకో వడ్రంగిపిట్ట అందుకుని అవతలి లోయకి కొడుతుంది. ఒకసారి అటవీశాఖ మనిషొకడు అదే మాను కింద నిలబడి, చెవికి పెట్టె ఆనించుకుని, "ఫోను కలవట్లేదు, ఫోను కలవట్లేదు" అని అరిచాడు. అప్పటినుంచి తాత పనికి ఆ పేరు స్థిరపడింది. మనుషుల ఫోనుకి దీనికి ఒకటే తేడా. ఇందులో రహస్యం ఉండదు. ఒకరికి చేస్తే అందరూ వింటారు.

అందరూ విని నీళ్ల దగ్గరికి వచ్చారు. గుణయ్య గొంతు సవరించుకున్నాడు.

"పెద్దలారా, ఈ వాగుకి దారి తొక్కింది ఎవరు?"

"ఏనుగులు," అన్నాడు దున్న పెద్దయ్య.

"అవి వెళ్లిపోయి ఎన్నాళ్లయింది?"

"మా అమ్మ దూడగా ఉన్నప్పుడు."

"వాటి గుర్తుగా మనం ఏం పెట్టుకున్నాం?"

"అవి మనకి చెప్పి వెళ్లాయా ఏం?" అంది అడవిపంది.

గుణయ్య పంది వంక జాలిగా చూశాడు. "ఒక ఏనుగుని నిలబెడదాం. ఇక్కడే, ఇసుకలో, ఆరుబయట. గోడ వద్దు, కంచె వద్దు. నీళ్లకి వచ్చే ప్రతివాడూ చూడాలి. ఊరినుంచి వచ్చే తీగముక్క, మేకు, ప్లాస్టిక్ పేలిక ఒక్కటి కూడా తగలకూడదు. మట్టి, గడ్డి, వెదురు, ఆకు. ఈ నేల ఇచ్చిందే. వాన రాగానే కరిగి ఈ నేలలోనే కలవాలి. కళ అంటే అదీ."

"కరిగిపోయేదానికి ఇంత చాకిరీ ఎందుకు?" అంది పంది.

"నువ్వు తిన్న దుంప కూడా కరిగిపోయేదే. రేపు పొద్దున తవ్వడం మానేస్తావా?"

పంది ఆలోచనలో పడింది. పందినే ఆలోచనలో పడేసినవాడికి మిగతావాళ్లు ఒక లెక్కా. కొమ్మమీదినుంచి పసుపయ్య ఒక్కడే అడిగాడు. "గట్టుమీద నిలబెట్టొచ్చుగా బాబాయి. మా చెట్టుకిందే ఎందుకు?"

"నీడ ఉందని అబ్బాయ్. చూడొచ్చినవాళ్లు ఎండలో మాడాలా? కింద మెత్తగా గడ్డి పరిపిస్తా. పిల్లాపాపా కూర్చుంటారు."

ఎంత ముందుచూపు అని అందరూ మెచ్చుకున్నారు. నిజమే, ముందుచూపే.

పని మొదలైంది. దున్న మట్టి తొక్కింది. పంది బంకమన్ను తవ్విపెట్టింది. కాకులు వెదురుపుల్లలు మోశాయి. ఏదుపంది తాను రాల్చిన ముళ్లు తెచ్చి, దంతాలకి పనికొస్తాయేమో చూడమంది. చెవులకి టేకాకులు, కళ్లకి గురివింద గింజలు. నాలుగు రోజుల్లో ఏనుగు నిలబడింది, తొండం తప్ప.

అప్పుడొచ్చాడు గుణయ్య పీచి దగ్గరికి.

"అమ్మాయ్, తొండం నువ్వు అల్లాలి."

"మగవాళ్లున్నారుగా బాబాయి."

"వాళ్లకేం వచ్చు? తాత అల్లిన గూడే నాన్న, నాన్న అల్లిన గూడే కొడుకు. వాళ్లది అలవాటు తల్లీ. నీది కళ."

ఆ మాట పీచి ఎముకల్లోకి దిగింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆ ఒక్క మాట కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుంది. అది ఎవరి నోటినుంచి వచ్చిందో చూసుకోలేదు. నక్కకూ నాకలోకానికీ చాలా దూరమని అందరికీ తెలుసు. నక్కకూ పొగడ్తకూ ఎంత దగ్గరో ఎవరూ చెప్పలేదు.

ఆమె అల్లింది. తిండి మరిచి అల్లింది. మగపిట్టలు మొదట నవ్వారు, తర్వాత పక్కకి తిరిగి చూశారు, ఆ తర్వాత చూడనట్టు నటించడం కూడా మానేశారు. తొండం మెలికలు తిరుగుతూ దిగింది, కొసన చిన్న వంపుతో, పచ్చగడ్డిని పట్టుకోబోతున్నట్టు.

కంకి వచ్చి ఏనుగు వీపుమీద వాలింది. అప్పటికి గూట్లో మూడు గుడ్లు పెట్టి పొదుగుతోంది. ముఖం పీక్కుపోయింది గానీ కళ్లు మెరుస్తున్నాయి.

"ఇదంతా నువ్వేనా?"

"నేనే."

"వంకపెట్టడానికి వచ్చానే. ఏం దొరకట్లేదు."

"వెతుకు, దొరుకుతుంది. నువ్వు ఆడపిట్టవి కదా."

"నువ్వు కాదూ?" కంకి నవ్వి, తొండాన్ని ముక్కుతో తాకింది. "పిల్లలు గుడ్డులోంచి వచ్చాక మొదట నిన్నే చూపిస్తా. ఇదిగో, మీ పిన్ని, చెట్టుకి వేలాడకుండానే ఏనుగుని నిలబెట్టింది అని."

వంక కంకికి దొరకలేదు, గుణయ్యకి దొరికింది. మర్నాడు పొద్దున్నే ఏనుగు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "అన్నీ బాగున్నాయి తల్లీ. ఒక్కటే. తొండం ఊగట్లేదు."

"కిందికి ఆనించాను కదా బాబాయి. ఊగితే బరువుకి తెగుతుంది."

"ఊగని తొండం చచ్చిన ఏనుగుది. రేపు అడవంతా చూడ్డానికి వస్తుంది. చచ్చినదాన్ని చూపిస్తామా?"

పీచి అడ్డంగా కొత్త పోగు ఒకటి వేసి తొండాన్ని ఎత్తి చూసింది. పోగు తెగింది. ఇంకోటి వేసింది, జారింది. వాన లేక ఈతాకులు పెళుసుబారాయి.

"పచ్చిపోగు కాదమ్మా," అన్నాడు గుణయ్య ఆవలిస్తూ. "బరువు మోసి అలవాటుపడ్డ పోగు కావాలి. అలాంటిది ఎక్కడుంటుందో నాకేం తెలుసు, నాలుగుకాళ్లవాణ్ణి." అంటూనే ఒకసారి తల ఎత్తి చెట్టువంక చూశాడు. చూసి, వెంటనే దించుకున్నాడు, చూడకూడనిది చూసినట్టు.

పీచి ముందు వదిలేసిన సగంగూళ్లు వెతికింది. వాటి పోగులు బరువెరగనివి. ఒక్కటీ నిలవలేదు. మధ్యాహ్నం తిరిగేసరికి ఆకలితో, కోపంతో, ముక్కు ఒరుసుకుపోయి కొమ్మమీద కూర్చుంది.

"పీచీ," కంకి గూటి గొట్టంలోంచి తల బయటపెట్టింది. "మీ బావ ఎక్కడికో పోయాడు. పొద్దుట్నుంచి గింజ లేదు. ఒక్క నిమిషం చూస్తుండవే, గట్టుదాకా పోయివస్తా."

"పోయిరా. నేనున్నాగా."

కంకి ఎగిరిపోయింది. పీచి గూటిదగ్గరికి జరిగి కూర్చుంది. కాపలా కాయడానికే కూర్చుంది, అది అబద్ధం కాదు. కూర్చున్నాక కనిపించింది. కొమ్మ దగ్గర ఒక పోగు కొస బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఎండకి కాగి, రాగిరంగుకి తిరిగి, తాడులా గట్టిపడింది.

ఆడపిట్ట అడుగుపెట్టిన గూడు. ఆ సంగతి ఆమెకి తెలియకపోలేదు. కానీ ఇన్ని వందల పోగుల్లో ఒక్కటి. ఒక్కటి పోతే అక్క ఏమన్నా అంటుందా? అడిగితే ఇవ్వదా? అడిగి తీసుకోవచ్చు కదా? ఈ మూడో ప్రశ్న దగ్గర పీచి ఆలోచన ఆపేసింది. అడిగితే బావకి తెలుస్తుంది. ఆడదాని నేతకి మళ్లీ మగవాడి పోగే కావలసివచ్చిందా అంటారు.

కొస పట్టుకుని లాగింది. గూడు కదిలింది. లోపల మూడు గుడ్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు, చాలా చిన్నది, వినిపించింది.

ఆగింది.

ఇది మూలపోగేమో అని మనసు అంది. మూలపోగు ఎలా ఉంటుందో నాకెవరూ చూపించలేదుగా అని నోరు అంది. నోటిదే పైచెయ్యి అయింది. మళ్లీ లాగింది. పోగు కొసన ముడితో సహా సర్రున జారి వచ్చేసింది. గూడు పడలేదు. మిగతా పోగులు పట్టుకున్నాయి. చూశావా, ఏం కాలేదు, అనుకుంది పీచి. ఆ మాటని ఆమె ఆ తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకుంది.

కంకి తిరిగొచ్చింది. "ఏమన్నా అల్లరి జరిగిందా?"

"ఏం లేదక్కా. రేపు తప్పకుండా రావాలి. ముందు వరసలో కూర్చోవాలి."

"గుడ్లు చల్లబడతాయే."

"ఒక్క నిమిషం. నా కోసం."

మర్నాడు సాయంత్రం అడవంతా చేరింది. రాగిరంగు పోగుమీద తొండం గాలిలో తేలింది. గాలి వీచగానే అటూ ఇటూ ఊగింది, నీళ్లు తోడుకుని ఎవరిమీద చల్లుదామా అని చూస్తున్నట్టు. దున్న పెద్దయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మా అమ్మ చెప్పింది ఇదేనర్రా," అన్నాడు. మగపిట్టలే ముందుగా రెక్కలు కొట్టారు. పిట్ట కొంచెం, కూత ఘనం అని కాకి అంది. ముందువరసలో కంకి మెడ చాచి చెల్లెల్నే చూస్తోంది, ఏనుగుని కాదు.

అప్పుడు గాలి పెరిగింది. కొండమీదినుంచి వాన వాసన మోసుకుని ఒక్క విసురు విసిరింది. అందరూ తొండాన్నే చూస్తున్నారు. ఏనుగు వెనక మెత్తటి చప్పుడైంది. పండు రాలినట్టు.

కంకి గూడున్న కొమ్మ ఖాళీ. గూడే లేదు. అందరూ వెనక్కి పరిగెత్తేసరికి పరిచిన గడ్డిమీద చీలిన గూడు పడి ఉంది. గుణయ్య దాని పక్కన నిలబడి తల అడ్డంగా ఊపుతున్నాడు.

"అయ్యో పాపం. నేనొచ్చేసరికే ఏమీ మిగల్లేదమ్మా. గుడ్లు ఇసుకలో ఇంకిపోయినట్టున్నాయి." అని నాలుకతో మూతి తుడుచుకున్నాడు. చెమట పట్టిందన్నాడు.

ఏడుపులూ అరుపులూ సద్దుమణిగాక చెట్టు తీర్పు చెప్పింది. ముడి వదులైంది. పసుపయ్యకి నేత రాదు. పసుపయ్య కొమ్మంతా వెతికాడు. "నా ముడి నాకు తెలుసు. అది జారే ముడి కాదు. ముడి ఉంటే కదా జారడానికి, ఇక్కడ పోగే లేదు," అన్నాడు. గూడు పడిన మగవాడి మాట ఎవరు వింటారు.

కంకి అతనితో ఒక్కమాటే అంది. "ముడి వెయ్యడం రాదని చెప్పి ఉంటే, నేనే వేసుకునేదాన్ని."

వెళ్లేముందు చెల్లెలి పక్కన వాలింది. "నువ్వు కాపలా ఉన్నప్పుడు గూడు బాగానే ఉందిగా?"

పీచి ముక్కు తెరిచింది. ఇప్పుడు చెప్పొచ్చు. ఇప్పుడే చెప్పొచ్చు.

"బాగానే ఉందక్కా," అంది.

కంకి కొండ దాటి ఎర్రవాగు వైపు వెళ్లిపోయింది. పసుపయ్య ఆ కొమ్మ వదల్లేదు. అతని పసుపు ఆ పక్షంలోనే వెలిసిపోయింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకుంటే బాగుండునని ఏ దొంగైనా కోరుకుంటుందా? పీచి కోరుకుంది.

కానీ ఆమెని పట్టుకోలేదు, పైకెత్తారు. "నేతలమ్మ" అని బిరుదు ఇచ్చారు. ఒకప్పుడు నవ్విన మగవాళ్లు తమ కొడుకుల్ని తెచ్చి, కాస్త ముక్కు తిప్పడం నేర్పమన్నారు. ఆమె నేర్పింది. నేర్పుతూ రోజూ మద్దిమాను దాకా పోయేది. "ఎవరికమ్మా?" అని తాత ముక్కు ఎత్తేవాడు. "ఎవరికీ లేదు తాతా, ఊరికే వచ్చా," అని తిరిగొచ్చేది.

పునర్వసులో వాన దిగింది. ఏనుగు కరగడం మొదలైంది. చెవులు ముందు పోయాయి, తర్వాత వీపు. గురివింద కళ్లు నీళ్లలో దొర్లుకుంటూ పోయాయి. "ఆహా, నేలది నేలకే చేరుతోంది" అని అందరూ గట్టుమీద తడుస్తూ మురిసిపోయారు. పీచి కూడా ఆ వాన కోసమే కాచుకుంది. ఏనుగుతోపాటు ఆ పోగూ కరిగిపోతుందనుకుంది.

అన్నీ కరిగాయి. వెదురుదబ్బకి ఒక్క తొండం మిగిలింది. తొండం కూడా ఊడింది. చివరికి ఆ రాగిరంగు పోగు ఒక్కటే వేలాడుతోంది, దాని కొసన బావ వేసిన ముడి. రెండు మెలికలు బయటికి, ఒకటి లోపలికి. జారే ముడి కాదు. ముడికి ముడి అలాగే ఉంది.

కింద పరిచిన గడ్డిని నీళ్లు తోసుకుపోతున్నాయి. గడ్డి అడుగున మూడు పెంకులు తేలాయి. పగిలి చెదిరినవి కావు. కొరికి, లోపల నున్నగా నాకినవి. అప్పుడు పీచికి గడ్డి ఎందుకు పరిపించాడో అర్థమైంది. పిల్లాపాపా కూర్చోవడానికి కాదు. పడినవి పగలకుండా.

"చూస్తున్నావా తల్లీ?" గట్టుమీదినుంచి గుణయ్య గొంతు.

"గుడ్లు నువ్వు తిన్నావు."

"కిందపడినవి తిన్నాను. నేను చెట్టెక్కానా?"

"పోగు తెమ్మన్నావు."

"బరువు మోసిన పోగు అన్నాను. అక్క గూటిది అన్నానా? ఆ కింద పొదలోంచి చూశాలే. ఒకసారి లాగావు. ఆగావు. ఆగినప్పుడు, అయిపోయింది, నా పథకం పోయిందనుకున్నా. మళ్లీ లాగావు." గుణయ్య ఒళ్లు విదిల్చుకున్నాడు. "నిజం చెప్తున్నా, నాకే ఆశ్చర్యం వేసింది."

పీచి తేలిపోతున్న పెంకుల్నే చూసింది.

"సరే, వెళ్లొస్తా. రేపటికల్లా ఎర్రవాగు చేరాలి. అక్కడ ఇంకా వాన పడలేదట, చెట్లకింద ఇసుక తేలిందట. గడ్డి పులిని నిలబెడదాం అంటున్నారు. ఎవరూ నేర్పకుండానే అల్లే ఆడపిట్ట ఒకతె అక్కడా ఉందట. మీ అక్క కూడా కొత్తగూట్లో దిగిందట. ఈసారి నాలుగట."

"నేను చెప్తాను."

"ఎలా? కొండమీద ముసురు పట్టింది, నీ రెక్క దాటదు. ఫోను చేస్తావా? చెయ్యి. మద్దిమాను మోగితే రెండు లోయలూ వింటాయి. నక్క వస్తోంది, పోగులు జాగ్రత్త అంటావు. నీకెలా తెలుసు అంటారు. అప్పుడు నేతలమ్మ ఏం చెప్తుంది?" గుణయ్య నవ్వలేదు. దాదాపు ప్రేమగానే అన్నాడు. "నీ నోటికి తాళం నేను వెయ్యలేదమ్మా. నువ్వే వేసుకున్నావు. నా ధైర్యమంతా అదే."

లోయదారి పట్టి, తోక ఊపుకుంటూ, తొందరేం లేనట్టు వెళ్లాడు.

పీచి వానలో చాలాసేపు కూర్చుంది. పైకొమ్మమీద పసుపయ్య తడిసి, మాసిన గుడ్డపీలికలా ముడుచుకుని ఉన్నాడు. కింద ఏనుగు ఉన్నచోట ఒట్టి నీళ్లు పారుతున్నాయి. అంత పెద్ద ఏనుగు ఆనవాలు లేకుండా పోయింది, అంత చిన్న పోగు పోలేదు. తాను ఏం పోగొట్టుకుంటుందో తలుచుకుంది. బిరుదు. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు. కళ అన్న ఆ ఒక్కమాట. ఆ తర్వాత, ఆ చప్పుడు గుర్తొచ్చింది. మూడు గుడ్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. నాలుగైతే ఇంకాస్త గట్టిగా వినపడుతుంది.

ఆమె ఎగిరి వెళ్లి ఆ పోగుని ముక్కున కరుచుకుంది. పైకొమ్మకి వెళ్లి పసుపయ్య కాళ్ల దగ్గర పెట్టింది. అతను ముడిని చూశాడు. తర్వాత ఆమెని చూశాడు. ముఖం తిప్పుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పీచి మద్దిమాను దగ్గరికి పోయి వాలింది. వడ్రంగిపిట్ట తాత అలవాటుగా ముక్కు ఎత్తాడు. "ఎవరికమ్మా? ఎవరికీ లేదా?"

దీనికి నీతి ఒక్కటే: దాచుకున్న తప్పు దాచినవాళ్లని కాపాడదు, నక్కకి కాపలా కాస్తుంది.

"కంకక్కకి," అంది పీచి. "ఫోను కలుపు తాతా. గట్టిగా కొట్టు, అందరూ విన్నా ఫరవాలేదు."